సొంతంగా యూరప్ రైలు యాత్ర: మ్యాపు దగ్గర నుంచి ప్లాట్‌ఫారం దాకా

టూర్ వాళ్లతో కాకుండా మనంతట మనమే యూరప్ వెళ్లొచ్చా, అక్కడ రైళ్లు ఎలా బుక్ చేసుకోవాలి అని అడిగినవాళ్లకి ఇన్నాళ్లూ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్తూ వచ్చాను. ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెప్పడం మర్చిపోతున్నాను. అందుకే మొత్తం ఒకేచోట, వరసగా రాస్తున్నాను.

అక్కడి రైలు ఎక్కడం కష్టమేమీ కాదు. సంక్రాంతి ముందు రోజు సికింద్రాబాద్‌లో జనరల్ బోగీ ఎక్కినవాళ్లకి అది లెక్కే కాదు. డబ్బు పోయేదీ, టెన్షన్ మొదలయ్యేదీ ఇంట్లో కూర్చుని బుకింగులు చేసే దగ్గర. ఏమేం చేయాలో అందరికీ తెలుసు, ఏది ముందో తెలియదు. రూటు తేలకుండానే విమానం టికెట్ కొంటారు. వీసా రాకుండానే రిఫండ్ లేని రైలు టికెట్ కొంటారు. కాబట్టి ఈ వరస మార్చకండి.

ఉదాహరణకి ఒక కుటుంబాన్ని తీసుకుందాం. హైదరాబాద్ నుంచి భార్యాభర్తలు, పదేళ్ల బాబు, అరవై దాటిన అమ్మ. రోమ్‌లో 3 రాత్రులు, ఫ్లోరెన్స్‌లో 2, వెనిస్‌లో 2, స్విట్జర్లాండ్‌లోని లూసర్న్‌లో 3, పారిస్‌లో 3. మొత్తం 13 రాత్రులు.

## 1. ముందు గీత గీయండి

మ్యాపు తెరిచి, చూడాలనుకున్న ఊళ్లకి చుక్కలు పెట్టండి. ఇప్పుడు పెన్ను ఎత్తకుండా, వెనక్కి రాకుండా ఎన్ని చుక్కలు కలపగలరో చూడండి. గీతకి దూరంగా మిగిలిన చుక్కని ఈసారికి వదిలేయాల్సిందే. ప్రాగ్ బాగుంటుందని అందరూ అంటారు, నిజమే. కానీ పై రూటులో ప్రాగ్ పెడితే రెండు రోజులు దారిలోనే అయిపోతాయి.

మన ఉదాహరణలో ప్రయాణాలు ఇవి:

- రోమ్ నుంచి ఫ్లోరెన్స్: దాదాపు గంటన్నర
- ఫ్లోరెన్స్ నుంచి వెనిస్: రెండు గంటల పైన కొంచెం
- వెనిస్ నుంచి లూసర్న్: మిలాన్‌లో రైలు మారి, ఆరేడు గంటలు
- లూసర్న్ నుంచి పారిస్: బాసెల్‌లో రైలు మారి, ఇంచుమించు ఐదు గంటలు

హోటల్ మారిన ప్రతిసారీ పూట పోతుంది. పెట్టెలు సర్దడం, చెకౌట్, స్టేషన్, రైలు, కొత్త హోటల్ వెతుక్కోవడం, మధ్యాహ్నం మూడింటిదాకా గది ఇవ్వకపోవడం. అందుకని ఒక్క రాత్రి బసలు పెట్టకండి. రెండు రాత్రులు కనీసం. పెద్దవాళ్లు ఉంటే వీలైనచోట మూడు.

విమానం టికెట్ వెతికేటప్పుడు రానూపోనూ కాకుండా మల్టీ సిటీ అనేది ఎంచుకోండి. వెళ్లడం రోమ్‌కి, తిరిగి రావడం పారిస్ నుంచి. ధరలో పెద్ద తేడా ఉండకపోవచ్చు. పారిస్ నుంచి మళ్లీ రోమ్‌కి వెనక్కి వెళ్లే ఖర్చు, రోజు మాత్రం మిగులుతాయి.

## 2. ఏది ఎప్పుడు చేయాలి

ఈ ఒక్క భాగం ప్రింటు తీసి గోడకి అంటించుకోండి.

ఆరు నెలల ముందు

☐ పాస్‌పోర్టులు చూడండి. షెంగెన్ దేశాల (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల) నుంచి బయటికి వచ్చే తేదీ తర్వాత కనీసం 3 నెలలు చెల్లుబాటు ఉండాలి, ఇచ్చి పదేళ్లు దాటకూడదు, రెండు ఖాళీ పేజీలు ఉండాలి.
☐ రూటు, రాత్రుల లెక్క ఖాయం చేసుకోండి.
☐ వీసా అపాయింట్‌మెంట్లు ఎలా ఉన్నాయో చూడటం మొదలుపెట్టండి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. కనీసం 15 రోజుల ముందు అయినా చేయాలి, కానీ అంతదాకా ఆగితే మీ ఇష్టం.

నాలుగైదు నెలల ముందు

☐ హోటళ్లు బుక్ చేయండి. అన్నీ ఉచితంగా రద్దు చేసుకోగలిగినవే.
☐ విమానానికి రద్దు నిబంధనలు చదివి మరీ బుక్ చేయండి.
☐ 30,000 యూరోలకి తగ్గని కవరేజీతో ప్రయాణ బీమా.
☐ వీసా దరఖాస్తు.

వీసా స్టిక్కర్ చేతికి వచ్చాక, అదే రోజు

☐ దూరపు రైళ్ల టికెట్లు. చవక టికెట్లు సాధారణంగా మూణ్ణాలుగు నెలల ముందు తెరుచుకుంటాయి. వీసా ముందే తెచ్చుకోమనేది అందుకే.

నెల ముందు

☐ ముఖ్యమైన మ్యూజియం, కొలోసియం లాంటి వాటి టైమ్ స్లాట్లు.
☐ స్విట్జర్లాండ్ పాస్ (అదేంటో 3వ భాగంలో ఉంది).
☐ బ్యాంకు యాప్‌లో కార్డులకి విదేశీ లావాదేవీలు ఆన్ చేయడం.

వీసా ఏ దేశానికి పెట్టాలన్నది చాలామందికి పెద్ద సందేహం. ఎక్కువ రోజులు ఉండే దేశానికి. మన ఉదాహరణలో ఇటలీ 7 రాత్రులు, స్విట్జర్లాండ్ 3, ఫ్రాన్స్ 3. కాబట్టి ఇటలీ. రోజులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు కానీ షెంగెన్‌లో ఉంది, దానికి విడిగా వీసా అక్కర్లేదు. లండన్ మాత్రం పూర్తిగా వేరే సంగతి. పారిస్ నుంచి రైల్లో రెండున్నర గంటలే కదా అని చివర్లో కలిపేయకండి. బ్రిటన్‌కి వేరే వీసా కావాలి, అక్కడి నుంచి మళ్లీ పారిస్‌కి రావాలంటే షెంగెన్ వీసా ఒకటికంటే ఎక్కువసార్లు లోపలికి రానిచ్చేదై ఉండాలి.

ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకి 45, ఆరేళ్ల లోపు పిల్లలకి లేదు. దరఖాస్తు కేంద్రం సర్వీసు చార్జీ దీనికి అదనం. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, ఒక్కోసారి 45 రోజుల దాకా పట్టొచ్చు.

దరఖాస్తుతో పాటు రోజువారీ ప్లాన్ ఒక పేజీలో రాసి పెట్టండి: తేదీ, ఊరు, హోటల్, ఆ రోజు రైలు ఉంటే ఎక్కడి నుంచి ఎక్కడికి. దేశం దాటే ప్రయాణానికి బుకింగ్ చూపమంటే రిఫండ్ వచ్చే రకం టికెట్ తీసుకోండి. వీసాలో రోజుల లెక్కకి వచ్చేసరికి దిగిన రోజూ, బయల్దేరిన రోజూ రెండూ కలుస్తాయి. 13 రాత్రులంటే 14 రోజులు.

## 3. పాసా, విడి టికెట్లా

యూరైల్ పాస్ అనగానే మనవాళ్లకి ధైర్యం వస్తుంది. ఒక్కసారి కొనేస్తే ఇక అన్ని రైళ్లూ ఎక్కేయొచ్చు అనుకుంటారు. సగమే నిజం. ఇటలీ హైస్పీడ్ రైళ్లలో, ఫ్రాన్స్ హైస్పీడ్ రైళ్లయిన టీజీవీల్లో, చాలా రాత్రి రైళ్లలో పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్‌కి విడిగా డబ్బు కట్టాలి. ఫ్రాన్స్‌లో పాస్ ఉన్నవాళ్లకి కేటాయించే సీట్లు త్వరగా అయిపోతాయి కూడా.

కాబట్టి కొనే ముందు పావుగంట కూర్చుని ఈ లెక్క వేయండి:

1. ప్రతి దూరపు ప్రయాణానికీ మూడు నెలల తర్వాతి తేదీ పెట్టి ఇవాళ్టి చవక ధర చూడండి. మీకు దాదాపు అదే దొరుకుతుంది.
2. నలుగురికీ కలిపి కూడండి. పిల్లల ధర వేరుగా చూడండి.
3. అన్ని ప్రయాణ రోజులకి సరిపోయే పాస్ ధరకి సీటు రిజర్వేషన్ల ఖర్చు కలపండి.
4. రెండూ పక్కపక్కన పెట్టండి.

మన ఉదాహరణలో పెద్ద ప్రయాణాలు నాలుగే, తేదీలన్నీ ముందే తెలుసు. ఇలాంటి చోట విడి టికెట్లే చవక పడతాయి. పాస్ ఎక్కడ కలిసొస్తుందంటే జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ లాంటి చోట్ల. అక్కడ ఎక్కువ రైళ్లకి రిజర్వేషన్ తప్పనిసరి కాదు. పొద్దున లేచి వాతావరణం చూసి ఎటు వెళ్లాలో అప్పుడు తేల్చుకునేవాళ్లకి పాస్ బంగారం. 4 నుంచి 11 ఏళ్ల పిల్లలకి పెద్దవాళ్ల పాస్‌తో ఉచిత పాస్ వస్తుంది, ఒక పెద్ద మనిషికి ఇద్దరు పిల్లల దాకా. ఇద్దరు పిల్లలున్న ఇంటికి లెక్క ఒక్కసారిగా మారిపోతుంది.

పిల్లలు జర్మనీలో చదువుకుంటుంటే చూడటానికి వెళ్లే తల్లిదండ్రులు గమనించాల్సింది ఒకటుంది. యూరైల్ యూరప్ బయట నివసించేవాళ్లకి. అక్కడే నివసించేవాళ్లు ఇంటర్‌రైల్ అనే పాస్ కొనాలి. పాస్‌పోర్టు ఏ దేశానిదన్నది కాదు, ఎక్కడ ఉంటున్నారన్నదే లెక్క. అంటే అమ్మానాన్నలకి యూరైల్, అబ్బాయికి ఇంటర్‌రైల్. ఇక ఆ అబ్బాయి రోజూ వాడే నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ లోకల్, రీజినల్ రైళ్లకే. ఐసీఈ లాంటి దూరపు హైస్పీడ్ రైళ్లలో చెల్లదు. "నా దగ్గర టికెట్ ఉంది నాన్నా" అని ఎక్కించి ఫైన్ కట్టించిన కొడుకులు ఉన్నారు.

స్విట్జర్లాండ్ సంగతి వేరు. అక్కడ స్విస్ ట్రావెల్ పాస్ అని ఉంటుంది. వరసగా 3, 4, 6, 8 లేదా 15 రోజులకి. రైళ్లు, బస్సులు, సరస్సు మీద పడవలు, ఊళ్లో ట్రాములు అన్నీ అందులోనే. పిల్లాడు 6 నుంచి 15 ఏళ్ల వాడైతే పాస్ కొనేటప్పుడే ఫ్యామిలీ కార్డు అడగండి. అది ఉచితం, తల్లిదండ్రులతో ఉంటే వాడికి టికెట్ అక్కర్లేదు. అడగకపోతే రాదు.

కొండల మీదికి వెళ్లే రైళ్లలో అన్నీ పూర్తిగా కలవవు. లూసర్న్ దగ్గరి రిగి కొండకి పడవ, పళ్లున్న చక్రంతో కొండెక్కే రైలు కలిపి మొత్తం పాస్‌లోనే. మంచు కొండల్లోని యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ స్టేషన్‌కి మాత్రం పై భాగానికి తగ్గింపే వస్తుంది, మిగతా డబ్బు కట్టాలి. అది 3,454 మీటర్ల ఎత్తు. అమ్మకి బీపీ, గుండె ఇబ్బంది, ఆయాసం ఉంటే డాక్టర్‌ని అడగకుండా తీసుకెళ్లకండి. రిగి 1,797 మీటర్లే. నన్నడిగితే పెద్దవాళ్లతో రిగియే మేలు, డబ్బు మిగులుతుందని కాదు, మనిషి హాయిగా కూర్చుని చూస్తారని.

కొండ ఎక్కే రోజుని ఇంటి దగ్గరే ఖాయం చేయకండి. పైన మబ్బు ఉంటే కనిపించేది తెల్లటి గోడ. కొండల మీద వెబ్‌కామ్‌లు ఉంటాయి. ఉన్న మూడు రోజుల్లో పొద్దున్నే అది చూసి, ఏ రోజు బాగుంటే ఆ రోజు వెళ్లండి.

ఇంకో చిన్న లెక్క. స్విస్ పాస్ సరిహద్దు లోపలే పనిచేస్తుంది. వెనిస్ నుంచి వచ్చే రోజు లూసర్న్ దాకా ఒకే టికెట్ కొని, పాస్ మర్నాటి నుంచి మొదలుపెట్టండి. వెళ్లే రోజు మూడో రోజు అవుతుంది కనుక బాసెల్ దాకా పాస్ మీద వెళ్లి, బాసెల్ నుంచి పారిస్‌కి మాత్రం టీజీవీ టికెట్ తీసుకుంటే సరిపోతుంది.

## 4. టికెట్ కొనేటప్పుడు

ఎక్కడ కొనాలి. వీలైనంతవరకు ఆ దేశపు రైల్వే సొంత సైట్లో. ఇటలీకి ట్రెనితాలియా లేదా ఇటాలో, ఫ్రాన్స్‌కి ఎస్ఎన్‌సీఎఫ్ కనెక్ట్, స్విట్జర్లాండ్‌కి ఎస్‌బీబీ, ఆస్ట్రియాకి ఓబీబీ. యూరప్ మొత్తం టైములు చూసుకోవడానికి జర్మనీ వాళ్ల డీబీ నావిగేటర్ యాప్ పనికొస్తుంది. మధ్యవర్తి సైట్లలో పని సులువే కానీ టికెట్ మార్చాల్సి వస్తే ఇద్దరి మధ్య తిరగాలి.

మన ఐఆర్‌సీటీసీ అలవాట్లు పక్కన పెట్టండి. వెయిటింగ్ లిస్టు, ఆర్‌ఏసీ, చార్టు అనేవి లేవు. హైస్పీడ్ రైల్లో సీటు ఉంటే ఉంది, లేకపోతే లేదు. రీజినల్ రైళ్లకి సీటు నంబరే ఉండదు, టికెట్లు అయిపోవడం అంటూ ఉండదు, వాటిని ముందే కొనాల్సిన పని లేదు.

ఊరి పేరు అక్కడివాళ్లు పిలిచేలా వెతకండి. ఫ్లోరెన్స్ అంటే ఫిరెంజే. వెనిస్ వెనేజియా, మిలాన్ మిలానో, నేపుల్స్ నాపొలి, మ్యూనిక్ మ్యూన్‌షెన్, వియన్నా వీన్. స్టేషన్లో బోర్డుల మీద ఎక్కువగా అవే పేర్లు కనిపిస్తాయి.

ఏ స్టేషనో చూడండి. పారిస్‌లో ఒకటి కాదు, ఆరేడు పెద్ద స్టేషన్లు. స్విట్జర్లాండ్ నుంచి వచ్చే టీజీవీ గార్ ద లియోన్‌లో ఆగుతుంది, లండన్ రైలు గార్ ద్యు నోర్ నుంచి వెళ్తుంది. వెనిస్‌కి రెండు: మెస్త్రే నేల మీద, శాంతా లూచియా నీళ్లలోని ఊళ్లో. మొదటిసారి నేను బోర్డు మీద వెనేజియా అన్న మాట చూడగానే పెట్టెలన్నీ దింపేశాను. బయటికి వస్తే బస్టాండు, ఫ్లైఓవర్. ఒక్క కాలువ లేదు. "ఇదేనా వెనిస్?" అని అమ్మ అడిగింది. అది మెస్త్రే. తర్వాతి రైలు పట్టుకుంటే పది నిమిషాల్లో నీళ్ల మీదుగా అసలు ఊళ్లో దింపింది.

పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే. మనకి ఇంటిపేరు ముందు, పిలిచే పేరు తర్వాత. అక్కడి ఫారంలో ముందు ఫస్ట్ నేమ్, తర్వాత సర్‌నేమ్ అడుగుతారు. ఇనీషియల్ రాయకండి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఎదురుగా ఏముందో అక్షరం అక్షరం అదే.

కార్డు తిరస్కరిస్తే కంగారు పడకండి. 2020 అక్టోబరు నుంచి మన కార్డులకి విదేశీ వాడకం డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. ముందు అది చూడండి. అప్పటికీ కాకపోతే ఇంకో కార్డు. అక్కడికి వెళ్లాక కూడా ఓటీపీ ఇండియా నంబరుకే వస్తుంది కాబట్టి ఆ సిమ్ తీసి ఇంట్లో పెట్టి వెళ్లకండి. రోమింగ్ ఆన్ చేయించుకుని ఫోన్లోనే ఉంచి, డేటాకి ఈ-సిమ్ వేసుకోండి. షాపులో కార్డు గీకినప్పుడు రూపాయల్లోనా, యూరోల్లోనా అని మిషన్ అడుగుతుంది. ఎప్పుడూ యూరోలే నొక్కండి. రూపాయలంటే వాళ్ల రేటు పడుతుంది.

చవక టికెట్ అంటే ఏంటో చదవండి. అన్నిటికంటే తక్కువ ధరదానికి రిఫండ్ ఉండదు, చాలాసార్లు మార్పు కూడా ఉండదు. తేదీ ఖాయమైన ప్రయాణానికి అది చాలు. విమానం దిగే రోజు రైలుకి మాత్రం ఎప్పుడూ వద్దు. ఇమిగ్రేషన్ క్యూ ఎంత ఉంటుందో చెప్పలేం. 2025 అక్టోబరు నుంచి కొత్త ఎంట్రీ-ఎగ్జిట్ నమోదు పద్ధతి కూడా మొదలైంది. పైగా ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా రోమ్ వెళ్తుంటే ఇమిగ్రేషన్ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే అయిపోతుంది, అక్కడ విమానం మారడానికి చాలినంత టైము ఉండాలి.

ఇంకొకటి. యూరప్ రైళ్ల టైమ్‌టేబుల్ ఏటా డిసెంబరు రెండో శనివారం అర్ధరాత్రి మారుతుంది. క్రిస్మస్ సెలవులకి వెళ్తూ సెప్టెంబరులో వెతికితే రైలు కనపడకపోవచ్చు. రైలు లేదని కాదు, ఇంకా తెరవలేదని.

## 5. హోటల్ ఎక్కడ

స్టేషన్‌కి పది నిమిషాల నడకలో. అంతకు మించి పెద్దగా ఆలోచించకండి. బుక్ చేసే ముందు లిఫ్టు ఉందా అని చూడండి, పాత కట్టడాల్లో చాలాచోట్ల ఉండదు. ఊరి పన్ను మనిషికి ఇంతని విడిగా హోటల్లో తీసుకుంటారు, అది మోసం కాదు. స్విట్జర్లాండ్‌లో చాలా ఊళ్లలో బస చేసినవాళ్లకి ఊరి బస్సుల్లో ఉచితంగా తిరగడానికి గెస్ట్ కార్డు ఇస్తారు, చెకిన్‌లో అడిగి తీసుకోండి.

## 6. పెట్టె, తిండి

రైలు ప్రయాణంలో పోర్టరు మీరే. కూలీ అన్న మాట మర్చిపోండి. పెట్టె సరిపోతుందా లేదా అనే పరీక్ష ఒకటే: నింపిన పెట్టెని మీరే పట్టుకుని మీ ఇంట్లో రెండో అంతస్తు దాకా మెట్లెక్కండి. మధ్యలో ఆగి దించారంటే బరువెక్కువ. వెనిస్ స్టేషన్ ముందున్న వంతెన మెట్ల మీద 28 ఇంచుల పెట్టెలు లాగుతున్న మన కుటుంబాలని చూస్తే జాలేస్తుంది. మనిషికి ఒక మధ్యరకం పెట్టె, ఒక భుజం సంచి. అంతే.

తిండి విషయంలో కొన్ని నియమాలు మనవాళ్లకి సరిగ్గా తెలియవు. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్లకూడదు. అంటే:

☐ ఆవకాయ, గోంగూర పచ్చడి, కంది పొడి, కరివేపాకు పొడి, పులిహోర పేస్టు: సర్దుకోవచ్చు
☐ నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి: వద్దు
☐ నెయ్యి, పాలకోవా: వద్దు
☐ పచ్చి కరివేపాకు, మామిడి పళ్లు: వద్దు. మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ లేకుండా తాజా ఆకులు, ఎక్కువ రకాల పళ్లు లోపలికి రానివ్వరు

పచ్చడి చెకిన్ పెట్టెలోనే, రెండు కవర్లలో. నూనె కారితే ఆ వాసన పదమూడు రాత్రులూ మీతోనే తిరుగుతుంది.

చార్జర్‌కి మన సన్నటి రెండు పిన్నుల ప్లగ్గు అక్కడ చాలావరకు పట్టేస్తుంది. లావు పిన్నులవి, మూడు పిన్నులవి ఉంటే అడాప్టర్ కావాలి. స్విట్జర్లాండ్‌లో ఆదివారం ఊళ్లో సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, పెద్ద స్టేషన్లలో ఉన్నవి తెరిచే ఉంటాయి. శనివారం సాయంత్రమే పెరుగు, బ్రెడ్డు తెచ్చుకోండి.

## 7. రైలు రోజు, అరగంట ముందు

స్టేషన్‌కి అరగంట ముందు చేరండి. గంటన్నర ముందు వెళ్లి చలిలో కూర్చోవద్దు, అలాగని ఐదు నిమిషాల ముందు పరిగెత్తొద్దు. ఫ్రాన్స్ టీజీవీలకి బయల్దేరడానికి రెండు నిమిషాల ముందే తలుపులు మూసేస్తారు. మిలానో చెంత్రాలే లాంటి చోట్ల టికెట్ చూపిస్తేనే ప్లాట్‌ఫారం వైపు వదులుతారు.

1. పెద్ద బోర్డులో రైలు నంబరు వెతకండి. ఊరు పేరుతో కాదు. మీ ఊరు మధ్య స్టేషన్ అయితే బోర్డులో కనిపించేది చివరి స్టేషన్ పేరు.
2. ప్లాట్‌ఫారం చూడండి. ఇటలీలో బినారియో, జర్మన్ మాట్లాడే చోట గ్లైస్, ఫ్రాన్స్‌లో వ్వా. స్విట్జర్లాండ్‌లో యాప్‌లో ముందే ఉంటుంది. ఇటలీ, ఫ్రాన్స్‌లలో చివరి ఇరవై నిమిషాల్లోనే వేస్తారు. వేయగానే అందరూ ఒక్కసారి కదులుతారు.
3. కోచ్ ఎక్కడ ఆగుతుందో చూడండి. ప్లాట్‌ఫారం మీద ఏ, బీ, సీ అని అక్షరాల బోర్డులు వేలాడుతుంటాయి. ఏ కోచ్ ఏ అక్షరం దగ్గరో తెర మీద చూపిస్తారు. అక్కడే నిలబడండి.
4. రైలు రెండుగా విడిపోతుందా చూడండి. కొన్ని రైళ్లు దారిలో సగం ఒక వైపు, సగం ఇంకో వైపు వెళ్తాయి. తలుపు పక్కన మీ కోచ్ వెళ్లే ఊరు రాసి ఉంటుంది, చదివి ఎక్కండి.
5. ఇటలీ రీజినల్ రైలు కాగితం టికెట్ అయితే మిషన్లో ముద్ర వేయించండి. ప్లాట్‌ఫారం దగ్గర చిన్న పెట్టెల్లా ఉంటాయి. ఫోన్లో కొన్న రీజినల్ టికెట్‌కి ఎక్కే ముందు చెకిన్ నొక్కాలి. సీటు నంబరున్న హైస్పీడ్ టికెట్లకి ఇదేం అక్కర్లేదు.

ఈ ఐదోది మాకు బాగా గుర్తు. నాలుగు టికెట్లూ పోకుండా అమ్మ తన పర్సులో, కుంకుమ పొట్లం పక్కన, నాలుగు మడతలు పెట్టి దాచింది. టీసీ వచ్చి విప్పి చూస్తే ముద్ర లేదు. డబ్బు పెట్టి కొన్న టికెట్లే, అయినా ఫైన్ కట్టాం. ఎంత బతిమాలినా, ముద్ర లేకపోతే అదే టికెట్ మళ్లీ వాడొచ్చు కదా అన్నాడు. ఆయన చెప్పిందీ నిజమే.

యూరైల్ పాస్ వాళ్లకి దీనికి సమానమైన తప్పు ఇంకోటుంది. పాస్ ఫోన్లో ఉంటే చాలదు. ఎక్కే ముందు ఆ రైలుని యాప్‌లో చేర్చి, ఆ రోజు ప్రయాణాన్ని ఆన్ చేయాలి. లేదంటే టికెట్ లేనట్టే లెక్క.

రోమ్, మిలాన్, పారిస్ స్టేషన్లలో టికెట్ మిషన్ దగ్గర "సాయం చేస్తా" అంటూ వచ్చేవాళ్లని, పెట్టె ఎత్తుతామని ముందుకొచ్చేవాళ్లని వద్దనేయండి. జేబులు కొట్టేది ఎక్కువగా ఎక్కే తలుపు దగ్గరి తోపులాటలోనే. పెట్టెలతో ఒకరు ముందు, పాస్‌పోర్టులున్నవాళ్లు మధ్యలో, ఇంకొకరు చివర ఎక్కండి. స్టేషన్ టాయిలెట్లకి చాలాచోట్ల యూరో, యూరోన్నర అడుగుతారు, రైల్లోవి ఉచితం. ఖాళీ నీళ్ల సీసా ఒకటి చేతి సంచిలో ఉంచుకోండి. ఎందుకో మీకు తెలుసు.

## 8. రైలు మారడానికి ఎంత టైము

స్విట్జర్లాండ్‌లో యాప్ ఏడు నిమిషాలు చూపిస్తే నమ్మొచ్చు, చాలాచోట్ల రెండో రైలు ఎదురు ప్లాట్‌ఫారం మీదే ఉంటుంది. ఇటలీలో నలభై నిమిషాలైనా పెట్టుకోండి. జర్మనీలో దూరపు రైళ్లు ఆలస్యం కావడం మామూలే, గంట ఉంటే నిశ్చింత. పారిస్‌లో స్టేషన్ మారాలంటే మెట్రోతో కలిపి గంటన్నర.

వీలైతే రెండు రైళ్లకీ కలిపి ఒకే టికెట్ కొనండి. మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పితే, మిమ్మల్ని గమ్యం చేర్చే బాధ్యత అప్పుడు రైల్వేది. విడివిడిగా కొంటే రెండో టికెట్ పోయినట్టే.

## 9. తేడా కొడితే

రైలు ఆలస్యం. ఇటలీ బోర్డులో రితార్దో, ఫ్రాన్స్‌లో రెతార్, జర్మన్‌లో ఫెర్‌ష్పేటుంగ్ అంటే ఆలస్యమని. గమ్యం చేరడం గంట నుంచి రెండు గంటల లోపు ఆలస్యమైతే టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం పరిహారం అడిగే హక్కు యూరోపియన్ యూనియన్ నియమాల్లో ఉంది. టికెట్, బోర్డు ఫొటో దాచుకుని ఇంటికొచ్చాక అయినా ఆన్‌లైన్లో అడగండి. గంటకి మించి ఆలస్యం అవుతుందని ముందే తెలిస్తే ప్రయాణం మానుకుని డబ్బు తీసుకోవచ్చు, లేదా వేరే రైల్లో పంపమనొచ్చు.

సమ్మె. ఇటలీలో షోపెరో, ఫ్రాన్స్‌లో గ్రెవ్. ఇవి సాధారణంగా ముందే ప్రకటిస్తారు. బయల్దేరే వారం ముందు ఆ మాట, మీ తేదీ కలిపి వెతకండి. ఇటలీలో పనిరోజుల్లో సమ్మె ఉన్నా పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య కొన్ని రీజినల్ రైళ్లు తప్పనిసరిగా నడుపుతారు.

మీ తప్పుతో రైలు పోతే. వేరే రైలు ఎక్కేసి టీసీకి చెప్పుకుందాం అనుకోకండి. ముందు కౌంటర్‌కి వెళ్లండి. కొన్ని రకాల టికెట్లని బయల్దేరిన తర్వాత కొద్ది సేపటిదాకా మారుస్తారు. చవక రకమైతే కొత్తది కొనుక్కోవాల్సిందే.

తప్పు రైలు ఎక్కితే. తర్వాతి స్టేషన్లో దిగకముందే టీసీని వెతికి చెప్పండి. ఎక్కడ దిగితే తిరుగు రైలు త్వరగా దొరుకుతుందో ఆయనకే తెలుసు. చిన్న స్టేషన్లో కంగారుగా దిగిపోతే గంటసేపు బెంచీ మీద కూర్చోవడమే.

ఎవరైనా విడిపోతే. దీన్ని ముందే ఇంట్లో మాట్లాడుకోవాలి. రైలు కదిలి ఒకరు కిందే ఉండిపోతే, కిందున్నవాళ్లు అక్కడి నుంచి కదలకూడదు. ఎక్కినవాళ్లు తర్వాతి స్టేషన్లో దిగి వెనక్కి రావాలి. హోటల్ పేరు, అడ్రసు, మీ ఫోన్ నంబరు రాసిన చీటీ అమ్మ పర్సులో ఒకటి, బాబు జేబులో ఒకటి. ఆ కుంకుమ పొట్లం పక్కనే పెట్టమనండి, అక్కడైతే పోదు.